నాలుగింటికి లేవక్కర్లేదు... ముందు ఆ మాత్ర సీసా స్టవ్ దగ్గర నుంచి తీసేయండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఖమ్మంలో ఓ ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఐదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నా. ఏడాది కిందట డాక్టరు డోసు 50 నుంచి 75 మైక్రోగ్రాములకు పెంచారు. పొద్దున ఐదున్నరకు లేచి, మాత్ర వేసుకుని, కాఫీ తాగి వంట మొదలుపెడతా. పిల్లలిద్దరికీ, మావారికీ బాక్సులు, అత్తగారికి టిఫిన్. మావారు ఏడింటికి లేస్తారు. నేను ఏడున్నరకు బస్సెక్కాలి. తినేది పదకొండుకు, ఇంటర్వెల్‌లోనే. ఈలోపు కళ్లు తిరుగుతుంటాయి. ఊరికే చిరాకు, పిల్లల మీద అరుస్తున్నా. నెలసరిలో బ్లీడింగ్ కూడా ఎక్కువే. ఉదయం రొటీన్ మార్చుకుంటే అన్నీ సర్దుకుంటాయని వీడియోల్లో చూసి నాలుగింటికి లేచి తేనె నిమ్మరసం, యోగా, ధ్యానం, డైరీ మొదలుపెట్టా. తొమ్మిది రోజులకే చేతులెత్తేశా. రాత్రి పడుకునేసరికి పదకొండున్నర అవుతుంది. నాలో క్రమశిక్షణ లేదంటారా?
– ఓ పాఠకురాలు

సలహా: క్రమశిక్షణ లేకపోవడమేంటమ్మా! రోజూ ఐదున్నరకు లేచి నలుగురికి వండి, ఏడున్నరకు బస్సు అందుకుంటున్న మనిషి మీరు. పదకొండున్నరకు పడుకుని నాలుగింటికి లేస్తే దక్కేది నాలుగున్నర గంటల నిద్ర. మనిషికి ఏడు గంటలైనా కావాలి. మీరు చేతులెత్తేయలేదు, మీ ఒంటికి నిద్ర చాలక ఆగిపోయింది. నాలుగింటి అలారం ఇవాళే తీసేయండి.

మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది 'మాత్ర వేసుకుని, కాఫీ తాగి' అన్న చోట. మీరు వాడే థైరాయిడ్ మాత్రను (థైరాక్సిన్) పరగడుపున, మామూలు నీళ్లతో వేసుకోవాలి. తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట వరకు కాఫీ, టీ, పాలు, టిఫిన్ ఏవీ వద్దు. కాఫీ వెంటనే తాగితే మందు పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లడం తగ్గుతుంది. మాత్ర రోజూ వేసుకుంటున్నా, లోపలికి చేరేది సగం సగమే కావచ్చు. ఏడాది కిందట మీ డోసు పెంచాల్సి రావడానికి కాఫీయే కారణమేమోనని నాకు అనుమానం. తేనె నిమ్మరసం తాగితే తాగండి, తాగకపోతే పోయేదేమీ లేదు. మాత్ర మాత్రం దాంతో మింగకండి.

చాలామంది ఇళ్లలో ఈ మాత్రల సీసా స్టవ్ పక్కన అరలో, పోపుల పెట్టె వెనకాల ఉంటుంది. కంటికి కనిపిస్తే మర్చిపోమని. కానీ వేడికీ ఆవిరికీ ఈ మందు దెబ్బతింటుంది. సీసాను పడగ్గదిలోకి మార్చండి, మంచం పక్కన ఓ గ్లాసు నీళ్లు పెట్టుకోండి. కళ్లు తెరవగానే మాత్ర, ఆరున్నరకు కాఫీ. అంతసేపు కాఫీ లేకుండా ఉండలేనంటారా? అయితే మీ డాక్టరును అడిగి మాత్రను రాత్రికి మార్చుకోండి. ఎనిమిదింటికి భోజనం చేస్తే పదకొండుకు వేసుకోవచ్చు. తిన్నాక మూడు గంటలు గడవాలి, అంతే. క్యాల్షియం, ఐరన్ బిళ్లలు వాడుతుంటే వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి.

ఒక జాగ్రత్త. వేళ సరిచేశాక అదే 75 మీకు ఎక్కువ కావచ్చు. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. డోసు మీరే తగ్గించుకోవద్దు. థైరాయిడ్ అదుపులో ఉందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఇప్పుడోసారి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మరోసారి చేయించండి. జుట్టు ఊడుతోందని బయోటిన్ బిళ్లలు మింగుతుంటే పరీక్షకు రెండు రోజుల ముందు ఆపండి, రిపోర్టు తప్పుగా వస్తుంది.

ఇక కళ్లు తిరగడం. బ్లీడింగ్ ఎక్కువన్నారు కాబట్టి ముందు రక్తహీనత ఉందేమో చూడాలి. మీ వయసు ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే. సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12 విటమిన్, షుగర్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ అదుపులో లేకపోయినా బ్లీడింగ్ పెరుగుతుంది, అది పెరిగితే ఐరన్ పోతుంది. ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. గైనకాలజిస్టుకు కూడా ఓసారి చూపించుకోండి. పరీక్ష లేకుండా ఐరన్ బిళ్లలు కొని వేసుకోకండి.

క్లినిక్‌లో నేను 'పొద్దున ఏం తిన్నారమ్మా?' అని అడిగితే చాలామంది ఆడవాళ్లు ముందు పిల్లలు ఏం తిన్నారో చెబుతారు. తాము తిన్నది గుర్తు తెచ్చుకోవాలి. పిల్లాడు వదిలేసిన అట్టు ముక్క, గిన్నె అడుగున మిగిలిన ఉప్మా, అదీ నిలబడే. రాత్రి ఎనిమిదింటికి తిన్నారనుకున్నా మర్నాడు పదకొండు దాకా అంటే పదిహేను గంటలు. దాని మీద కాఫీ పడితే చిరాకు రాక ఏమొస్తుంది? రేపటి నుంచి బాక్సులు సర్దేటప్పుడు మొదటి ప్లేటు మీది. ఏడు గంటల పది నిమిషాలకు కుర్చీలో కూర్చుని తినండి. పెసరట్టు చాలా మంచిది, రాత్రే పెసలు నానబెడితే సరి. ఇడ్లీ అయితే సాంబారు ఎక్కువ పోసుకోండి, అలవాటుంటే ఉడికించిన గుడ్డు తినండి. టిఫిన్‌తో పాటే కాఫీ వద్దు, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టదు.

ఆరున్నర కాఫీ మాత్రం వంటింట్లో కాకుండా డాబా మీదో వాకిట్లోనో తాగండి. పొద్దుటి వెలుతురు కళ్లలో పడితే ఒంట్లోని గడియారం సర్దుకుంటుంది, రాత్రి నిద్ర వేళకు వస్తుంది. ఆ నీరెండతో డి విటమిన్ వస్తుందనుకుంటారు. అది పెద్దగా రాదు, దానికి ఎండ బాగా ఎక్కాలి. ఆ పది నిమిషాలూ ఫోన్ లోపలే ఉండనివ్వండి. స్కూలు గ్రూపు మెసేజ్‌లు బస్సులో చూసుకోవచ్చు.

యోగా, నడక మానమనడం లేదు. అవి పొద్దున్నే చేయాలన్న రూలేం లేదు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు నడిస్తే చాలు. డైరీ రాయాలనిపిస్తే ఆదివారం రాయండి.

ఇంతకీ ఈ సమయమంతా ఎక్కడి నుంచి వస్తుందంటారా? ఏడింటికి లేచే ఆయన ఆరుంబావుకు లేస్తారు. బాక్సులు కట్టడం, నీళ్ల సీసాలు నింపడం, అత్తగారికి టిఫిన్ పెట్టడం ఆయన చూసుకుంటారు. డాక్టరు మందుల చీటీలోనే రాశారని చెప్పండి, అబద్ధమేం కాదు, నేను రాస్తున్నా.

చిరాకు పోయి దిగులుగా మారి, రెండు వారాలు దాటినా ఏ పని మీదా మనసు పోకపోతే సైకియాట్రిస్టును కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితమే. గంటగంటకూ ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, స్పృహ తప్పినా ఈ రొటీన్ సంగతి పక్కనపెట్టి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.