లింకన్ కాలేజీకి వెళ్లలేదు కదా అని వాదిస్తున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. ఇంజనీరింగ్ వద్దు, లాయరునై రాజకీయాల్లోకి వెళ్తానంటున్నాడు. అబ్రహాం లింకన్ ఏ కాలేజీకీ వెళ్లకుండానే లాయరయ్యాడు, ఎన్నికలన్నీ ఓడిపోయి కూడా అధ్యక్షుడయ్యాడు, మరి నాకెందుకు ఐదేళ్ల చదువు అని అడుగుతున్నాడు. నాది ఎరువుల దుకాణం. వాడికి ఏం చెప్పాలో తెలియడం లేదు. – ఒక తండ్రి, నరసరావుపేట

సమాధానం: మీ అబ్బాయి ఎంచుకున్న ఉదాహరణ మంచిదే గానీ, దాన్ని సగమే చదివినట్లున్నాడు. లింకన్ బడిలో గడిపిన రోజులన్నీ కలిపినా ఏడాదికి చాలవన్నది నిజం. అయితే ఆయన దానిని ఎన్నడూ గొప్పగా చెప్పుకోలేదు. 1858లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ సభ్యుల వివరాల గ్రంథం కోసం అడిగినప్పుడు తన చదువు లోపభూయిష్టమని రాసి ఊరుకున్నారు. 1860లో రాసి ఇచ్చిన జీవిత వివరాలలో, తనకు సరైన చదువు లేకపోయినందుకు చింతిస్తున్నాననీ, కాంగ్రెస్ సభ్యుడైన తర్వాత కూర్చుని యూక్లిడ్ రేఖాగణితంలో ఆరు పుస్తకాలు చదివాననీ చెప్పుకున్నారు. అదే ఏడాది తన పెద్ద కొడుకు రాబర్ట్‌ను హార్వర్డ్‌లో చేర్పించారు. ఈ ఒక్క సంగతి మీ అబ్బాయికి చెప్పి చూడండి.

ఆనాటి ఇల్లినాయ్ రాష్ట్రంలో లాయరు కావడానికి లా కాలేజీ చదువు తప్పనిసరి కాదు. సత్ప్రవర్తన ఉన్నవాడని జిల్లా కోర్టు ధ్రువీకరించాలి, ఆపైన రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అనుమతి పత్రం ఇవ్వాలి. లింకన్‌కు ఆ పత్రం 1836 సెప్టెంబరులో వచ్చింది. మన దేశంలో 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం గుర్తింపు పొందిన లా డిగ్రీ లేనిదే బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాదు కాబట్టి, ఆ దారి మీ అబ్బాయికి తెరిచి లేదు. ఇందులో వాదనకు చోటు లేదు.

ఇక ఎన్నికలన్నీ ఓడిపోయారన్న మాట. గోడల మీద అంటించే ఆ ఓటముల జాబితా నేను కూడా చాలా కోచింగ్ సెంటర్లలో చూశాను, చూసినప్పుడల్లా విసుగే కలిగింది. ప్రజలు నేరుగా ఓటు వేసిన ఎన్నికలలో ఆయన ఓడింది ఒక్కసారే, 1832లో, 23 ఏళ్ల వయసులో. అప్పుడు కూడా ఆయన ఉంటున్న న్యూ సేలం ఊళ్లో పోలైన 300 ఓట్లలో 277 ఆయనకే పడ్డాయి. మిగతా ఊళ్లలో ఎవరికీ తెలియకపోవడమే ఓటమికి కారణం. ఆ తర్వాత 1834 నుంచి వరుసగా నాలుగుసార్లు రాష్ట్ర శాసనసభకు, 1846లో కాంగ్రెస్‌కు గెలిచారు. 1855లోనూ 1858 నాటి పోటీలోనూ కాంగ్రెస్ ఎగువ సభ అయిన సెనేట్ పదవి దక్కకపోయిన మాట వాస్తవమే గానీ, ఆ రోజుల్లో సెనేటర్లను ఎన్నుకునేది ప్రజలు కాదు, రాష్ట్ర శాసనసభ.

మీరు తండ్రిగా అడగవలసిన అసలు ప్రశ్న వేరే ఉంది: ఇన్నేళ్లూ ఆయన ఇల్లు ఎలా గడిచింది? భాగస్వామితో కలిసి పెట్టిన కిరాణా దుకాణం మునిగిపోయి అప్పులు మీద పడ్డప్పుడు ఊరి పోస్టుమాస్టరుగా, భూములు కొలిచే సర్వేయరుగా పనిచేస్తూనే లా పుస్తకాలు అరువు తెచ్చుకుని చదివారు. ఆ అప్పుల కిందనే సర్వే పరికరాలు కూడా జప్తై వేలానికి వెళ్తే ఒక స్నేహితుడు కొని తిరిగి ఇచ్చాడు. 1837లో స్ప్రింగ్‌ఫీల్డ్ చేరినప్పుడు మంచం, పరుపు సామానుకు 17 డాలర్లవుతుందని దుకాణదారు జాషువా స్పీడ్ లెక్క చెబితే, క్రిస్మస్ దాకా అప్పు పెట్టమని అడిగారు. స్పీడ్ ఆయన ముఖం చూసి, మేడ మీద తన గదిలోనే ఉండమన్నాడు. అక్కడ మొదలైన ప్రాక్టీసు దాదాపు పాతికేళ్లు సాగింది. మొదట జాన్ స్టువర్ట్ దగ్గర జూనియర్‌గా, తర్వాత స్టీఫెన్ లోగన్ దగ్గర కేసు తయారుచేసుకునే క్రమశిక్షణ నేర్చుకుంటూ, 1844 నుంచి విలియం హెర్న్‌డన్‌ను తనకు జూనియర్‌గా పెట్టుకుని పనిచేశారు. ఆఫీసులో కాగితాల కట్ట ఒకటి ఉండేది. మరెక్కడా దొరకకపోతే ఇందులో చూడండి అని దాని మీద ఆయనే రాసిపెట్టారు. మిగతావి టోపీలో దాచుకునేవారు.

1849లో కాంగ్రెస్ పదవీకాలం ముగిసి, కోరుకున్న ప్రభుత్వ పదవి దక్కక తిరిగి వచ్చిన తర్వాత ఐదేళ్లు దాదాపుగా వృత్తిలోనే మునిగిపోయారు. ఏటా వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి, వారాల తరబడి జడ్జితోపాటు ఊరూరా తిరిగి, సత్రాలలో ఒకే మంచం మీద ఇద్దరేసి పడుకుని, అయిదు, పది డాలర్ల ఫీజుకు పశువుల తగాదాల నుంచి భూమి తగాదాల దాకా వాదించేవారు. పెద్ద ఫీజులూ ఉన్నాయి: ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వేకి పన్ను కేసు గెలిపించి, 5,000 డాలర్ల ఫీజు రాబట్టడానికి ఆ కంపెనీ మీదే దావా వేయవలసి వచ్చింది. ఆ తిరుగుళ్లలో తోడున్న జడ్జి డేవిడ్ డేవిస్‌, లాయరు లియొనార్డ్ స్వెట్‌ 1860లో రిపబ్లికన్ పార్టీ షికాగో మహాసభలో ఆయన అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం రాత్రింబవళ్లు పనిచేశారు. అంటే ఆయన రాజకీయ బలగంలో పెద్ద భాగం కోర్టుల వెంట తిరిగే రోజుల్లోనే కూడింది.

దాదాపు మీ అబ్బాయి వయసు వాడే, ఐషమ్ రీవిస్ అనే యువకుడు, మీ దగ్గర లా నేర్చుకుంటానని 1855లో లింకన్‌కు ఉత్తరం రాశాడు. ఊళ్లో ఉండేది తక్కువ కాబట్టి శిష్యులను తీసుకోలేనని చెబుతూనే, లాయరు కావాలని గట్టిగా నిశ్చయించుకుంటే సగానికి పైగా పని అయినట్లేననీ, పుస్తకాలూ వాటిని అర్థం చేసుకునే శక్తీ ఎక్కడున్నా ఒకటేననీ ఆయన జవాబిచ్చారు. రీవిస్ లాయరై, తర్వాత అరిజోనా ప్రాంత సుప్రీంకోర్టులో న్యాయమూర్తి కూడా అయ్యాడు. విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోనో హైదరాబాద్ నల్సార్‌లోనో సీటు రాకపోతే లా చదవడమే వృథా అనుకునే ఇళ్లకు ఈ జవాబు ఇప్పటికీ పనికొస్తుంది.

కాబట్టి ఈ ఏడాది జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్‌, రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఏపీ లాసెట్ రెండూ రాయించండి. క్లాట్ ర్యాంకు రాకపోతే లాసెట్ ద్వారా ఐదేళ్ల కోర్సులో చేర్చండి. డిగ్రీ తర్వాత అఖిల భారత బార్ పరీక్ష ఉంటుంది. సెలవుల్లో మీ ఊరి కోర్టులో సివిల్ కేసులు చూసే సీనియర్ ఎవరి దగ్గరైనా కూర్చోబెట్టండి. జూనియర్‌గా మొదటి రెండు మూడేళ్లు పెట్రోలు ఖర్చుకు కూడా ఇంటివైపు చూడవలసి రావచ్చు, దానికి దుకాణం ఆదాయంలోంచి ఇప్పుడే కొంత పక్కన పెట్టండి. శాసనసభకు పోటీ చేయడానికి 25 ఏళ్లు నిండాలి. కోర్సు ముగిసేసరికి మీ వాడికి 22 లేదా 23 ఉంటాయి. ఆ మధ్య కాలమంతా కోర్టులోనే గడపమనండి.