ఆ పిట్టకి బిస్కెట్లు వద్దు

ప్రశ్న: మా అబ్బాయి సరుకు ఓడలో పనిచేస్తాడు. సింగపూర్ నుంచి డర్బన్ వెళ్తుంటే నడిసముద్రంలో ఒక పిట్ట వచ్చి రెండు రోజులుగా ఓడ ముందు రెయిలింగు మీదే కూర్చుందట. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు, పొట్ట తెలుపు, కాళ్లు పసుపు. అన్నం, బిస్కెట్లు పెట్టినా తినలేదు, మంచినీళ్లూ ముట్టలేదు. చచ్చిపోతుందేమోనని వాడికి ఒకటే టెన్షన్. ఏం చేయాలి?
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ఇరవై ఆరేళ్లు డెక్ మీద పనిచేసినవాణ్ణి. మీరు చెప్పిన గుర్తులు బ్రౌన్ బూబీ అనే సముద్రపు పిట్టవి. అది దారి తప్పి రాలేదు, వేటకి వచ్చింది. ఓడ నీటిని చీల్చుకుంటూ పోతుంటే బెదిరిన ఎగిరే చేపలు గాల్లోకి లేస్తాయి. బూబీ పైనుంచి చూసి, దూకి పట్టుకుంటుంది, మళ్లీ వచ్చి రెయిలింగు మీద రెక్కలు ఆరబెట్టుకుంటుంది. మంచినీళ్లూ దానికి అక్కర్లేదు. కళ్ల పైన ఉండే గ్రంథులు ఒంట్లోని ఉప్పుని వేరుచేస్తాయి, అది ముక్కు కొన నుంచి చుక్కలుగా కారిపోతుంది.

స్పానిష్‌లో 'బోబో' అంటే తెలివితక్కువవాడు. ఓడల మీద బెదురు లేకుండా వాలి నావికుల చేతికి చిక్కేదని, ఆ మాట నుంచే దీనికి బూబీ అని పేరు పెట్టారంటారు. మనిషిని నమ్మిన పిట్టకి అలాంటి పేరు పెట్టడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

రెక్కలు వేలాడేస్తే అప్పుడు కంగారుపడాలి. అప్పుడు కూడా ఒట్టి చేతులతో పట్టుకోవద్దని చెప్పండి. బర్డ్ ఫ్లూ భయం ఉంది, పైగా ఆ ముక్కు కంటికి తగిలితే ప్రమాదం.

నిజంగా మన సాయం కావలసిన పిట్ట వేరే ఉంది. ఒక వానాకాలం అరేబియా సముద్రంలో, రాత్రి డ్యూటీలో ఉండగా దీపాల కింద డెక్ మీద అరచేతిలో పట్టేంత నల్లపిట్ట పడి కొట్టుకుంటోంది. విల్సన్స్ స్టార్మ్ పెట్రెల్. బరువు 40 గ్రాములు ఉంటుందేమో. అంటార్కిటికా వైపు గుడ్లు పెట్టి, అక్కడి చలికాలంలో మన సముద్రాలకి వస్తుంది. ఓడ దీపాలకి కళ్లు చెదిరి పడిపోతుంది. కాళ్లలో బలం తక్కువ, డెక్ మీంచి లేవలేదు. గ్లౌజులు వేసుకుని, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచాను. తడి ఆరాక, దీపాల వెలుగు పడని వైపు నుంచి సముద్రం మీదికి వదిలాను. నీటికి అడుగెత్తులో తేలిపోతూ చీకట్లో కలిసిపోయింది.

మీ అబ్బాయి బూబీ జోలికి పోకుండా, రాత్రిళ్లు తన క్యాబిన్ కిటికీకి కర్టెన్ వేసుకుంటే చాలు. డెక్ మీద అవసరం లేని దీపాలు ఆర్పించమని బోసన్‌ని, అంటే డెక్ పనివాళ్ల పెద్దని, కూడా అడగమనండి.