ఆరుతడి ఉండగా ‘సోక్ అండ్ డ్రై’ ఎందుకు?

సందేహం: కిటికీ గట్టు మీద, మేడ మీద కలబందలాంటి సక్యులెంట్స్ పెంచుతుంటాను. వాటి పెంపకం గురించి తెలుగులో రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. ఎడారి మొక్కలు అనాలా, రసభరిత మొక్కలు అనాలా? తల్లిమొక్క పక్కన వచ్చే పప్స్‌ని, కోసిన ముక్క కాలస్ అవడాన్ని, సోక్ అండ్ డ్రై పద్ధతిని, సీజనల్ గార్డెన్ ప్రాజెక్ట్స్‌ని ఏమంటారు? చివరిదానికి ‘ఋతుపర ఉద్యాన ప్రణాళికలు’ అని రాసుకున్నాను గానీ నాకే నచ్చలేదు.

సమాధానం: నచ్చకపోవడమే మంచిదైంది, అక్కడి నుంచే దారి దొరుకుతుంది. మొక్కల పని గురించి తెలుగులో మాటలకి కరువు లేదు, కాకపోతే అవి పెద్ద పెద్ద నామవాచకాల్లో ఉండవు, చేతులు చేసే పనుల పేర్లలో ఉంటాయి.

ముందు ‘ఎడారి మొక్కలు’ తీసేయండి. ఎడారిలో పెరిగేవన్నీ సక్యులెంట్లు కావు, సక్యులెంట్లన్నీ ఎడారివీ కావు. క్రిస్మస్ కాక్టస్ అని కుండీల్లో పెంచుతారే, దాని పుట్టిల్లు బ్రెజిల్ తీరప్రాంతపు తేమ అడవులు, అక్కడది చెట్ల కొమ్మల మీదా రాళ్ళ సందుల్లోనూ పెరుగుతుంది. ‘రసభరితం’ తప్పేమీ కాదు. లాటిన్‌లో సుక్కుస్ అంటే రసం, అందులోంచి వచ్చిన మాటకి సూటి అనువాదమది. కానీ రసభరితం అనగానే మనకి పండో పద్యమో గుర్తొస్తుంది గానీ మొక్క గుర్తురాదు. ఆకు ఎలా ఉంటుందో చెప్పాలంటే నన్నడిగితే ‘కండ’ అనే మాట వాడతాను. కండగల ఆకు, కండపట్టిన కాడ అంటే చెయ్యి పెట్టి నొక్కి చూసినట్టుంటుంది. అలాగని ‘కండమొక్కలు’ అని కొత్త పేరు పెట్టొద్దు, ఒక్క అక్షరం తేడాతో కందమొక్క అయిపోతుంది. మొదటిసారి ‘కండగల ఆకుల్లో, కాడల్లో నీళ్ళు దాచుకునే మొక్కలు’ అని చెప్పేసి ఆ తర్వాత ధైర్యంగా సక్యులెంట్లు అనండి. సక్యులెంట్స్ అని కాదు, సక్యులెంట్లు. ప్యాంటు ప్యాంట్లు అయినట్టే ఇదీ. మాట బయటినుంచి వచ్చినా బహువచనం మనదే ఉంటే విభక్తులు హాయిగా అతుకుతాయి: సక్యులెంట్లకి, సక్యులెంట్లలో.

అసలు ఈ జాతి తెలుగుకి కొత్త కాదు. కలబంద, రణపాల, కిత్తనార, గంగవాయిలి అన్నీ ఇవే. ‘నల్లేరు మీద బండి నడక’ అంటాం చూశారా, ఆ నల్లేరు కూడా నాలుగు పలకల కాడతో, కణుపు కణుపునా నీరు నింపుకుని పాకే తీగ, చక్రం కింద మెత్తగా నలుగుతుంది. సామెతలో దాకా వెళ్ళిన మొక్కని మనం పరాయిదనుకుంటున్నాం. జెముడు అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. ఆకుజెముడు, నాగజెముడు పేరులో చుట్టాలే గానీ పుట్టుకలో కావు. నాగజెముడు అమెరికా ఖండాల నుంచి వచ్చిన కాక్టస్. ఆకుజెముడు యూఫోర్బియా అనే వేరే జాతి, గీరితే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. అందుకని జెముడు అని ఊరుకోకుండా ఏ జెముడో రాయండి.

ఇక పప్స్. అవి పిలకలు. అరటికి, వరికి ఏ మాట వాడతామో ఇక్కడా అదే. మొలక అంటే విత్తనం నుంచి వచ్చేది, పిలక అంటే తల్లి మొదట్లోంచి పుట్టేది. అంటు అంటే వేరే సంగతి, ఒక మొక్క కొమ్మని ఇంకోదానికి అతికించడమో, చెట్టున ఉండగానే కొమ్మకి వేళ్ళు రప్పించడమో. ‘ఆకు అంటుకట్టాను’ అని చాలామంది రాస్తున్నారు, అది సరికాదు, ఆకు పెట్టాను అంటే చాలు. ఈ తేడాలు నిఘంటువు కోసం కాదు. కలబందకి ఆకు పెడితే ఎక్కువగా కుళ్ళిపోతుంది, పిలకే విడదీసి నాటాలి. రణపాలకైతే ఆకు తడిమట్టి మీద పడేసినా అంచుల గంటుల్లోంచి బుల్లి బుల్లి మొక్కలు వేళ్ళతో సహా లేస్తాయి. గులాబీపువ్వులా ఆకులు పేర్చుకునే ఎచెవేరియా ఉందే, దాని ఆకుని గిల్లకూడదు, తుంచకూడదు, అటూ ఇటూ మెల్లగా కదిపి మొదలంటా ఊడదీయాలి, ఎందుకంటే కొత్త మొక్క పుట్టే చోటు ఆ మొదట్లోనే ఉంది. గిల్లు, తుంచు, ఊడదీయి: మూడు క్రియలు, మూడు ఫలితాలు. మీరు ‘ఆకును వేరుచేయవలెను’ అని రాస్తే చదివినవాళ్ళు గిల్లుతారు, ఆకు ఎండిపోతుంది.

కాలస్ అవడానికి మనకి పక్కు కట్టడం ఉంది. దెబ్బ పక్కు కట్టినట్టే కోసిన చోటు రెండు మూడు రోజులు నీడన ఆరి పక్కు కడుతుంది, అప్పుడు నాటాలి. నాటాక వేళ్ళు తన్నిందంటాం, కొత్త ఆకు వస్తే మారాకు వేసిందంటాం. ‘నూతన పత్ర ఆవిర్భావం’ రాయాలనిపిస్తే ఒక్కసారి మారాకు అని పైకి అని చూడండి, ఎంత ముద్దుగా ఉందో.

నాకు బాగా ఇష్టమైన మాట చివరికి ఉంచుకున్నాను. సోక్ అండ్ డ్రై అంటే మట్టి అడుగుదాకా తడిసేలా పోసి, పూర్తిగా ఆరేదాకా ఆగి, మళ్ళీ పోయడం. దీనికి సాగులో ఎప్పటినుంచో ఆరుతడి అనే మాట ఉంది. ఆరుతడి పంటలు అని వినే ఉంటారు, నీళ్ళు నిలవగట్టకుండా మధ్యమధ్య ఆరనిస్తూ తడిపెట్టేవి. కుండీకి వచ్చేసరికి ఆరే రోజులు ఎక్కువ, అంతే. సక్యులెంట్లకి ఆరుతడి ఇవ్వండి అంటే ఒక్క మాటలో పద్ధతంతా వచ్చేస్తుంది. క్రియ కూడా చూసుకోవాలి. నీళ్ళు చల్లడం, చిలకరించడం వేరు, పోయడం వేరు. రోజూ కాసిని చిలకరిస్తే పైమట్టి తడుస్తుంది, అడుగు వేళ్ళకి అందదు, ఆకుల మధ్య నీరు నిలిచి కుళ్ళు పడుతుంది. మొక్క మొదలు దగ్గర పోయాలి, కుండీ అడుగు కన్నంలోంచి కారిపోవాలి. అలా దిగిపోయే మట్టిని గుల్లగా ఉన్న మన్ను అంటాం, ఇసకో చిన్న రాళ్ళో కలిపితే గుల్లబారుతుంది.

సీజనల్ గార్డెన్ ప్రాజెక్ట్స్‌కి ఏ ప్రణాళికా అక్కర్లేదు. ప్రాజెక్ట్ అంటే ఇక్కడ పనే. వానాకాలం పనులు, చలికాలం పనులు, ఎండాకాలం పనులు అని మూడు శీర్షికలు పెట్టుకోండి. ఋతువులు ఆరున్నా తోటపనికి ఈ మూడు కాలాలే సరిపోతాయి. సరైన సమయానికి అదను అనే మాట ఉండనే ఉంది, కుండీ మార్చడానికి అదను చలి తగ్గి కొత్త చిగురు కదిలే రోజులు.

మీరు పంపిన వాక్యం ఇది: ‘శీతాకాలంలో రసభరిత మొక్కలకు నీటిని అందించుట తగ్గించవలెను, వర్షాకాలంలో సురక్షిత ప్రదేశమునకు తరలించవలెను.’ నేనైతే ఇలా రాస్తాను: ‘చలికాలంలో సక్యులెంట్లకి నీళ్ళు తగ్గించండి, వానలు మొదలవగానే కుండీలు చూరు కిందికి జరపండి.’