కండరానికీ గ్రంథికీ సంకేతం ఒకే నాడిలో వెళ్తుందా?

కండరాన్ని కదిలించే నాడే గ్రంథిని కూడా స్రవింపజేస్తుందా, లేక రెండింటికీ వేర్వేరు నాడులున్నాయా అని అడిగారు. నాడి ఒకటే కావచ్చు గాని, అందులోని తంతువులు వేరు. ఈ సంగతి నేను చదివి తెలుసుకోలేదు, ముఖం మీదికి వచ్చాక తెలుసుకున్నాను.

ఆరేళ్ళ కిందట ఒక ఉదయం పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ పెదవి చివరనుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపుకు లాగి ఉంది, ఎడమ కన్ను మూతపడడం లేదు. పక్షవాతమేనని ఇంట్లో అందరం హడలిపోయాం. డాక్టరుగారు నుదురు ముడవమన్నారు; ఎడమ సగం కదలలేదు. మెదడులో దెబ్బ తగిలితే నుదురు సాధారణంగా కదులుతుందని, ఇది చెవి వెనకి ఎముకలోని ఇరుకు దారిలో, ముఖాన్ని కదిలించే ఏడో కపాలనాడి వాచి నలగడం వల్ల వచ్చిన బెల్స్ పాల్సీ అని చెప్పి, స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో నాలుక ఎడమవైపు రుచి తెలిసేది కాదు, స్టీలు గిన్నె కింద పడితే ఎడమ చెవి అదిరిపోయేది. చెవిలో శబ్దాల జోరు తగ్గించే ఒక చిన్న కండరానికీ ఈ నాడే ఆధారమట.

ముఖ కండరాలకు వెళ్ళే తంతువు మెదడు కాండంలో బయలుదేరి మధ్యలో ఎక్కడా ఆగకుండా కండరాన్ని చేరుతుంది. దానికి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉండడం వల్ల విద్యుత్ సంకేతం సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. అదే నాడిలో లాలాజల గ్రంథికీ అశ్రుగ్రంథికీ (కన్నీటి గ్రంథికి) వెళ్ళే తంతువు మాత్రం దారిలో ఒక నాడీముడి దగ్గర ఆగి, సంకేతాన్ని రెండో నాడీకణానికి అప్పగిస్తుంది. ఆ రెండోదానికి తొడుగు లేదు కనుక వేగం సెకనుకు మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. చివర రెండు చోట్లా విడుదలయ్యేది అసిటైల్‌కొలీన్ అనే రసాయనమే. కండరం మీద దాన్ని అందుకునే గ్రాహకం తానే ద్వారంలా తెరుచుకుని సోడియంను లోపలికి వదలడంతో కండరం వెంటనే ముడుచుకుంటుంది. గ్రంథి మీది గ్రాహకం వేరు రకం; అది కణం లోపల కొన్ని రసాయనాలను కదిలించి, కాల్షియం పెరిగేలా చేస్తేనే లాలాజలం ఊరుతుంది. కన్ను కొట్టినంత వేగంగా నోరూరకపోవడానికి ఇదంతా కారణం.

మూడు నెలల్లో మూతి సరిపడింది. ఎనిమిదో నెలలో ఆవకాయ అన్నం తింటుంటే ఎడమ కన్ను ఒక్కటే నీరు కార్చింది. కారం ఘాటేమో అనుకున్నాను. పెరుగన్నం తిన్నా అంతే. నలిగిన తంతువులు రోజుకు సుమారు మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతాయట. అలా పెరిగేటప్పుడు దవడ కింది గ్రంథికి పోవలసినవి కొన్ని దారి తప్పి అశ్రుగ్రంథికి చేరాయని న్యూరాలజిస్టు వివరించారు. తంతువు మోసేది విద్యుత్ స్పందనను మాత్రమే. లాలాజలమా, కన్నీరా అన్నది అందులో రాసి ఉండదు, చేరిన అవయవాన్ని బట్టి తేలుతుంది. వైద్యులు దీన్ని మొసలి కన్నీరే అంటారు, పాపం ఇందులో కపటం లేకపోయినా.

మరీ ఇబ్బందైతే అశ్రుగ్రంథిలో బొటులినం ఇంజెక్షన్ ఇస్తారు. అది అసిటైల్‌కొలీన్ విడుదలను కొన్ని నెలలపాటు ఆపుతుంది. నేను ఇంకా అంతదాకా పోలేదు. పెళ్ళి భోజనాల్లో పక్కవారు కంగారు పడకుండా జేబురుమాలు ఎడమచేతిలో ఉంచుకుంటున్నాను.