డాక్టర్ కాగితం ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: మాది గాజువాక. మావారి ఉద్యోగం కోసం త్వరలో అమెరికా వెళ్తున్నాం. బాబుకి ఆరేళ్లు. ఆటిజం అని వైజాగ్‌లో డాక్టర్ రాసిచ్చారు. అది చూపిస్తే అక్కడి స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ ఇస్తారా?

జవాబు: కాగితం పట్టుకెళ్లండమ్మా, కానీ దాన్ని చూసి వెంటనే ఇచ్చేయరు. ముందు డబ్బు సంగతి చెప్తాను, మేం మునిగింది అక్కడే. మా అమ్మాయి వెనకబడుతోందని టీచర్ అనగానే కంగారుగా ప్రైవేటు సైకాలజిస్టు దగ్గరికి పరిగెత్తాం. చదువు పరీక్షలకి మేం ఇవ్వం అంది ఇన్సూరెన్స్. మధురవాడలో స్థలానికని దాచుకున్నదంతా ఊడ్చుకుపోయింది. తీరా రిపోర్టు స్కూలుకి తీసుకెళ్తే, "ఈ పరీక్షలు మేమే ఉచితంగా చేస్తాం కదా, అడగలేదేం?" అన్నారు. అడగొచ్చని తెలిస్తే కదా!

మీరు మాత్రం చేరిన వారంలోనే, ఇవాల్యుయేషన్ (బాబుకి ఏం అవసరమో తేల్చే పరీక్షలు) చేయమని స్కూలుకి ఈమెయిల్ పెట్టండి. మనూళ్లో హెడ్మాస్టర్ గారిని కలిసి మాట్లాడితే పనైపోతుంది. అక్కడ నోటిమాటకి "ఇంకొన్నాళ్లు చూద్దాం" అనే జవాబే వస్తుంది. మీరు సమ్మతి సంతకం పెట్టిన దగ్గర్నుంచి ఆ పరీక్షలు పూర్తిచేయడానికి అమెరికా కేంద్ర చట్టం (వైకల్యమున్న పిల్లల చదువు కోసం చేసినది) ఇచ్చిన గడువు 60 రోజులు. రాష్ట్రానికి సొంత గడువుంటే అదే వర్తిస్తుంది, చూసుకోండి. హెచ్-1 అయినా ఎల్-1 అయినా వీసా అడ్డు కాదు.

ఆ చట్టంలోని 13 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది. కానీ దానివల్ల చదువు దెబ్బతింటోందని, ప్రత్యేక బోధన కావాలని కూడా తేలాలి. మనవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. మొదటి మీటింగులో నేను మా పిల్లకి ఎక్కాలన్నీ వచ్చని, శ్లోకాలు చెప్తుందని తెగ పొగిడాను. పెళ్లిచూపులనుకున్నాను కాబోలు! వాళ్లు అన్నీ రాసుకుని, అయితే అవసరం లేదన్నారు. మీరలా చేయకండి. బెల్లు మోగితే చెవులు మూసుకుంటాడా, బాక్సు తెరవడానికి సాయం కావాలా, తోటిపిల్లలతో ఆడతాడా, అవి చెప్పండి. చదువంటే మార్కులొక్కటే కాదు.

"ఇంగ్లీషు వచ్చాక చూద్దాం" అంటే ఒప్పుకోకండి. ఇంగ్లీషు రాకపోవడం వేరు, వైకల్యం వేరు. మీటింగుకి తెలుగు దుబాసీ కావాలంటే స్కూలే పెట్టాలి, మీ జేబులోంచి కాదు. స్కూలు చేసిన పరీక్షల ఫలితం నచ్చకపోతే స్కూలు ఖర్చుతోనే బయటి నిపుణుడితో చేయించమని అడగొచ్చు. అప్పుడు స్కూలు ఆ ఖర్చు పెట్టుకోవాలి, లేదా విచారణ కోరి తమ పరీక్షలు సరైనవేనని నిరూపించుకోవాలి. ఈ సంగతులన్నీ ముందే తెలిసుంటే మా స్థలం మాకుండేది.

ఇప్పుడు నేను తెలుగువాళ్ల వెంట ఐఈపీ (ఒక్కో పిల్లాడికి విడిగా రాసే చదువు ప్రణాళిక) మీటింగులకి వెళ్తుంటాను. నా ఫైలు చూడగానే స్కూలువాళ్లు సర్దుకుని కూర్చుంటారు. మీకు చెప్పేవాళ్లున్నారు, మాకెవరూ లేరు.

వైజాగ్‌లో తీసుకున్న స్పీచ్ థెరపీ కాగితాలు, స్కూలు రిపోర్టులు బట్టల సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి. స్కూలు ఫలితం చేతికొచ్చేదాకా ప్రైవేటువాళ్లకి ఒక్క డాలరూ కట్టకండి.