54–46 అని అప్పుడే సంబరపడకు

చిరంజీవి అల్లుడికి బల్లార్షా నుంచి మామ దీవెనలు.

నీ చెస్ ఇంజన్ (చెస్ ఆడే ప్రోగ్రామ్) కొత్త వెర్షన్ వంద గేముల్లో పాతదాన్ని 54–46తో ఓడించిందని రాశావు. మిఠాయిలు ఇప్పుడే పంచకు. ఆ స్కోరు ప్రకారం 28 ఎలో పాయింట్లు (ఆట బలాన్ని కొలిచే అంకె) పెరిగినట్టే. కానీ సగం గేములు డ్రా అయ్యాయనుకుంటే, వంద గేములకు ఆ లెక్క 48 పాయింట్లు అటూ ఇటూ కావచ్చు. అంటే కొత్తది పాతదానికంటే బలహీనమైనదైనా ఆశ్చర్యం లేదు. ఆ అటూ ఇటూ 5 పాయింట్లకు దిగాలంటే పదివేల గేములు కావాలి.

ఎప్పుడు ఆపాలో నువ్వు తేల్చకు, గేము గేముకూ లెక్క చూసి ఆపాలో వద్దో చెప్పే ఎస్‌పీఆర్‌టీ అనే పరీక్షకి వదిలెయ్. పేరున్న చెస్ ఇంజన్ స్టాక్‌ఫిష్ చేసేవాళ్లు ఫిష్‌టెస్ట్ అనే తమ పరీక్షల వేదికలో ప్రతి మార్పునూ అలాగే తేలుస్తారు. లాభం సున్నానా, 5 ఎలోనా అని ముందే పెట్టుకో. 5 శాతం పొరపాటుకు ఒప్పుకుంటే, మ్యాచ్‌లు ఆడించే క్యూట్‌చెస్ ప్రోగ్రామ్ చూపించే ఎస్‌పీఆర్‌టీ అంకె 2.94 దాటితే మార్పు ఉంచు, మైనస్ 2.94కి పడితే తీసెయ్. మనం ముందున్నాం కదా అని మధ్యలో ఆపెయ్యడం మీ కుర్రాళ్లందరికీ ఉన్న రోగం.

మొదటి ఎత్తు నుంచే ఆడనిస్తే రెండూ ఆడిన గేమే మళ్లీ మళ్లీ ఆడతాయి, వంద గేముల్లో కొత్తవి ఎన్నో చెప్పలేం. అందుకే ఓపెనింగ్ బుక్ (ఆట మొదలుపెట్టే రకరకాల ఎత్తుల జాబితా) పెట్టు. ఒక్కో ఓపెనింగ్‌ను రంగులు మార్చి రెండుసార్లు ఆడించు. లేకపోతే తెల్లపావులకు మంచి పొజిషన్ దొరికినవాడిదే గెలుపు. హాష్ (లెక్కలు దాచుకునే మెమరీ) ఇద్దరికీ ఒకే సైజు, థ్రెడ్ (ఒకేసారి నడిచే లెక్క) ఒక్కటే, పాండర్ (అవతలివాడి వంతులోనూ ఆలోచించడం) బంద్. టైమ్ 10 సెకన్లు, ఎత్తుకు 0.1 అదనం, చాలు. నీ ల్యాప్‌టాప్‌కు నాలుగు కోర్లు కదా, ఒకేసారి మూడు గేములకంటే ఎక్కువ పెట్టకు. గేముకు అర నిమిషం పట్టినా పదివేలకు రోజు దాటుతుంది.

ఇక్కడే మన ఎండల సంగతి. మేలో చంద్రపూర్ వైపు 45 డిగ్రీలు దాటాక ప్రాసెసర్ వేడెక్కి తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది. ఇద్దరికీ తగ్గుతుంది కదా అనకు. స్పీడు ఒడిదుడుకులవుతుంటే టైమ్ అయిపోయి ఓడే గేములు పెరుగుతాయి, నువ్వు వాటినీ ఆటలో ఓటమి కిందే లెక్కేస్తావు. మ్యాచ్‌లు రాత్రి పెట్టు, ల్యాప్‌టాప్ కింద గాలి ఆడనివ్వు, అప్‌డేట్లు ఆపెయ్. వేడి గొడవ తప్పించుకుందామని ఎత్తుకు ఇన్ని నోడ్లు (వెతికే పొజిషన్లు) అని బిగించే దారి ఉంది గానీ, నీ మార్పు ఇంజన్‌ను నెమ్మది చేసిందో లేదో అందులో బయటపడదు.

పరిస్థితులు ఎంత ముఖ్యమో చూడు. 2017 డిసెంబర్‌లో డీప్‌మైండ్ కంపెనీ ప్రోగ్రామ్ ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్ 8 మీద 28 గెలిచి 72 డ్రా చేసింది, ఒక్కటీ ఓడలేదు. అయినా స్టాక్‌ఫిష్‌కు 1 జీబీ హాషే ఇచ్చారని, ఎత్తుకు నిమిషం అని బిగించారని చాలామంది ఒప్పుకోలేదు. ఆల్ఫాజీరో వాళ్లకే ఆ మాట తప్పలేదు, నీకు తప్పుతుందా?

ఇంకోటి. నీ పాత వెర్షన్ మీదే ఆడిస్తుంటే లాభం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. నీ స్థాయికి దగ్గరున్న వేరే ఇంజన్లను నాలుగైదింటిని కూడా దించు.

ఆ వంద గేముల పీజీఎన్ ఫైలు (ఎత్తులన్నీ రాసి ఉండేది) నాకు పంపు. పంపేముందు టైమ్ అయిపోయి ఎన్ని ఓడాయో, ఒకేలా ఉన్నవి ఎన్నో నువ్వే ఓసారి లెక్కపెట్టు.

మీ మామ