పెంకు పలచబడితే ముందు గింజల వాటా తగ్గించండి

సందేహం: పెరట్లో పద్నాలుగు గుడ్ల పెట్టలున్నాయి. నెల రోజులుగా గుడ్డు పెంకు బాగా పలచగా వస్తోంది, చేత్తో తీస్తుంటేనే పగిలిపోతోంది. అప్పుడప్పుడు పెంకే లేని తోలుగుడ్డు కూడా పడుతోంది. లేయర్ దాణాకు (గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారుచేసే దాణా) సమానంగా మొక్కజొన్న నూక కలిపి వేస్తున్నాం. చిన్న రాళ్ల గ్రిట్ పెడుతున్నాం, నీళ్లలో కాల్షియం టానిక్ కూడా పోస్తున్నాం. అయినా తేడా లేదు. ఎండలు ముదిరాక ఇంకా ఎక్కువైంది. ఏం చేయమంటారు?

సలహా: మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. దాణాకు సమానంగా నూక కలుపుతున్నారు కదా, అక్కడే కాల్షియం తగ్గిపోతోంది.

ఒక్క గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెట్ట రోజుకు 110 గ్రాముల మేత తింటుందనుకుందాం. అదంతా లేయర్ దాణా అయితే, అందులో కాల్షియం 4 శాతం దాకా ఉంటుంది కాబట్టి 4 గ్రాములకు పైగా లోపలికి వెళ్తుంది. దాంట్లో దాదాపు సగమే ఒంటికి పడుతుంది. అంటే సరిగ్గా పెంకుకు సరిపోతుంది, మిగిలేదేమీ లేదు. మొక్కజొన్నలో కాల్షియం లేదన్నంత తక్కువ. సగం నూక కలిపేసరికి లోపలికి వెళ్లేది 2 గ్రాములు, ఒంటికి పట్టేది ఒక గ్రాము. మిగతాది పెట్ట తన ఎముకల నుంచి తీసి పెంకు కడుతుంది. కొన్నాళ్లు అలా నెట్టుకొస్తుంది. తర్వాత పెంకు పలచబడుతుంది, ఆపైన కాళ్లు చచ్చుబడతాయి. నూక కలపడం వల్ల దాణాలోని డి3 విటమిన్ కూడా సగమవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం పేగుల నుంచి ఒంట్లోకి సరిగా చేరదు.

కాబట్టి మొదటి పని, నూక కలపడం ఆపండి. గింజలు వేయాలనిపిస్తే సాయంత్రం పూట ఒక్కో పెట్టకు సుమారు పది గ్రాములే, అదీ దాణా తిన్న తర్వాతే. ఇంట్లో మిగిలినవి వేసే అలవాటుంటే వాటికీ ఇదే లెక్క.

గ్రిట్ విషయంలో చాలామంది పొరబడతారు. గట్టి రాళ్ల గ్రిట్ కందనకాయలో మేతను నలగగొట్టడానికే పనికొస్తుంది, అది కరగదు, దాన్నుంచి కాల్షియం రాదు. పెంకు కోసం కావలసింది ఆల్చిప్పల ముక్కలు లేదా సున్నపురాయి నలగగొట్టిన ముక్కలు, 2 నుంచి 4 మిల్లీమీటర్ల సైజులో. ఈ సైజు ఎందుకంటే, గుడ్డు మీద పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రి పూటే జరుగుతుంది. ఆ సమయంలో కోడి మేత తినదు. మెత్తటి పొడి అప్పటికే పేగుల్లోంచి వెళ్లిపోయి ఉంటుంది. ముక్కలైతే కందనకాయలో నిలిచి తెల్లవారేదాకా మెల్లగా కరుగుతుంటాయి. అందుకే ఈ ముక్కలను విడిగా ఒక గిన్నెలో పెట్టి, ముఖ్యంగా సాయంత్రం అందుబాటులో ఉంచండి. ఎంత కావాలో పెట్టలకే తెలుసు, బలవంతంగా దాణాలో కలపొద్దు. కోడిపిల్లలు, ఇంకా గుడ్లకు రాని పెట్టలు ఈ లేయర్ దాణానే తింటుంటే, ఎక్కువ కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వాటికి వయసుకు తగ్గ దాణా (పిల్లలకు స్టార్టర్, ఎదిగే పెట్టలకు గ్రోవర్) వేరుగా వేయాలి. గోడలకు కొట్టే సున్నం మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి, నోరూ పేగులూ కాలతాయి.

గుడ్డు పెంకులే తిరిగి వేయొచ్చు. కడిగి, వేయించి, గుడ్డు ఆకారం గుర్తుపట్టలేనంతగా నలగగొట్టి వేయండి. లేకపోతే గుడ్లు పొడుచుకు తినే అలవాటు పడుతుంది. అది పట్టుకుంటే మాన్పించడం చాలా కష్టం.

టానిక్ సంగతి: సీసా మీద ఎంత కాల్షియం ఉందో చూసి, ఒక్కో పెట్టకు ఎంత అందుతుందో లెక్క కట్టండి. గ్రాముల్లో కావలసినచోట మిల్లీగ్రాములే అందుతుంటే డబ్బు దండగ.

ఇక ఎండలు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పినప్పుడు రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. పెంకుకు కాల్షియంతో పాటు కావలసిన కార్బొనేట్ దాన్నుంచే తయారవుతుంది. పైగా వేడికి మేత కూడా తగ్గుతుంది. కాబట్టి వేసవిలో ఎంత మంచి దాణా వేసినా పెంకు కొంత పలచగానే వస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. నీడ, గాలి, రోజుకు రెండు మూడుసార్లు మార్చిన చల్లటి నీళ్లు చూసుకోండి. దాణా తెల్లవారుజామున, పొద్దు వాలాక వేస్తే బాగా తింటాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అది కూడా పెంకును పాడుచేస్తుంది, వేరే నీళ్లు దొరికితే మార్చండి.

ఇవన్నీ చేస్తూనే, పలచటి గుడ్డు ఏ పెట్టది అన్నది గమనించండి. గుడ్డు పెట్టే వేళ గూట్లో ఒక్కోదాన్ని విడిగా ఉంచితే తెలిసిపోతుంది. ఒకటి రెండింటికే పరిమితమైతే అవి వయసు మీరినవి కావచ్చు, లేదా కొత్తగా గుడ్లకు వచ్చినవి కావచ్చు. కొత్తవి కొన్ని వారాల్లో వాటంతట అవే సర్దుకుంటాయి. ముసలి పెట్టల గుడ్డు సైజు పెరుగుతుంది, పెంకుకు చేరే కాల్షియం పెరగదు. వాటి నుంచి గట్టి పెంకు ఆశించకండి.

అలాకాకుండా అన్నీ ఒక్కసారిగా గుడ్లు తగ్గించి, పెంకు ముడతలు పడి, తెల్లసొన నీళ్లలా ఉంటే, లేదా తుమ్ములు, గురక ఉంటే అది ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ వంటి జబ్బు కావచ్చు, కాల్షియంతో తగ్గదు. వెంటనే పశువైద్యుడికి చూపించండి. తోక దించుకుని కదలకుండా కూర్చున్న పెట్టకు గుడ్డు లోపల ఇరుక్కుని ఉండొచ్చు, దాన్నీ ఆలస్యం చేయకుండా చూపించాలి.

మార్పులు మొదలుపెట్టాక రెండు వారాలు చూడండి. ఈలోగా వచ్చే పలచటి గుడ్లలో బీటలు లేనివి వెంటనే వండుకోవచ్చు. పొదగడానికి మాత్రం పెట్టకండి, లోపలి తేమ త్వరగా ఆరిపోతుంది, పిల్ల బతకదు.